నాలుగో ప్రశ్న

పోయిన వారం గ్రాసియెట్ టోస్తెను మనం మధ్యదారిలో వదిలేశాం. అన్నయ్య పికప్ ట్రక్కు, పక్క సీట్లో ల్యాబ్ నోట్‌బుక్కులు కుక్కిన ప్లాస్టిక్ పెట్టె, దాని మీద గుడ్డలో చుట్టిన రొట్టె, ముందు మూడు గంటల దారి. మధ్యలో ఒకటి రెండు వారాలు చదవని వాళ్ళ కోసం కథ కొంచెం చెబుతాను, మిగతావాళ్ళు ఓపిక పట్టండి.

గ్రాసియెట్‌కు ఇరవై ఆరేళ్ళు. సాంతా ఒలాయాలో చీజ్ ఫ్యాక్టరీకి వచ్చే పాలు పరీక్ష చేసే ఉద్యోగం చేసుకుంటూ, ఆ ఊళ్ళోనే ఉన్న రెండేళ్ళ కాలేజీని నాలుగేళ్ళలో ముగించింది. బయటి కాలేజీల నుంచి మారాలనుకునే వాళ్ళు వందమంది తలుపు తడితే నలుగురికి మాత్రమే తెరిచే వెదరెల్ ప్రైవేటు యూనివర్సిటీ, ఆమెకు మూడో సంవత్సరంలో సీటిచ్చింది. ఆ ఆదివారం చర్చి పక్క హాల్లో సూప్ వడ్డించేటప్పుడు ఆ సంగతి మైకులో చెప్పారు కూడా. తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. మీ కాలేజీలో మీరు చదివిన ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు కోర్సులూ మా ప్రమాణానికి తూగవు, కాబట్టి మీరు రెండో సంవత్సరంలో చేరి అవి మళ్ళీ చదవాలి అని. ఇలా మారి వచ్చేవాళ్ళకు వెదరెల్ ఇచ్చే ఉచిత చదువు సరిగ్గా రెండేళ్ళు. మూడో ఏడు ఆ ఫీజు కట్టడం టోస్తెల వల్ల కాదు. అంటే చదివిన ఆ రెండు కోర్సులూ ఒప్పుకుంటేనే సీటు, లేకపోతే లేదు. జవాబివ్వడానికి గడువు ఈ బుధవారం సాయంత్రం ఐదు గంటలు.

అన్నయ్య, పేరు జె, పోనీలే అన్నాడు. స్టేట్ యూనివర్సిటీలో సీటు చేతిలో ఉందిగా, ఆ గొప్పవాళ్ళ గుమ్మం దగ్గర మనకేం పని అన్నాడు. గ్రాసియెట్ మేకుకు వేలాడుతున్న ట్రక్కు తాళాలు తీసుకుని బయల్దేరింది.

ఇంకో ముల్లు కూడా ఉంది. ఆ రెండు కోర్సులూ చెప్పిన హ్రాంట్ టెర్జియన్ గారిని, నా గురించి వెదరెల్‌కి రెండు మాటలు రాయండి సార్ అని మార్చిలోనే అడిగింది. ఆయన తల దించుకుని, "నా ఉత్తరం నీకు మేలు చెయ్యదు. ఇంకెవర్నైనా అడుగు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. రెండేళ్ళపాటు ముందు బల్ల మీద కూర్చున్న పిల్లకు అది ఎంత గుచ్చుకుందంటే, ఆనాటి నుంచి పాఠానికి అవసరమైన మాట తప్ప ఆయనతో ఇంకో మాట మాట్లాడలేదు.

ఇక వెదరెల్, బుధవారం మధ్యాహ్నం.

బయటి కోర్సులను తూచే ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. అక్కడి అధికారి పేరు కోరా లిండ్‌క్విస్ట్. యాభై దాటిన మనిషి, మెత్తని గొంతు, బల్ల మీద ఒక్క కాగితం కూడా వంకరగా లేదు. ఎదుటివాళ్ళ మీద కేకలు వేసే అధికారులతో పోట్లాడటం సులువు. ఇలా చిరునవ్వుతో కాదనేవాళ్ళ దగ్గరే మనకు నోరు పెగలదు.

గ్రాసియెట్ లోపలికి వస్తూనే చేసిన మొదటి పని, గుడ్డ విప్పి రొట్టెను ఆ బల్ల మీద పెట్టడం. గుడ్లు, వెన్న, నిమ్మతొక్క వేసి వాళ్ళమ్మమ్మ, అంటే వవో బెల్మీరా, తెల్లారుజామునే లేచి చేసిన తీపి రొట్టె. సాంతా ఒలాయాలో డాక్టరు దగ్గరికైనా, ఫాదర్ దగ్గరికైనా, పశువుల ఇన్‌స్పెక్టరు దగ్గరికైనా చేతులూపుకుంటూ ఎవరూ వెళ్ళరు. వాళ్ళ తాతలు సముద్రం అవతలి దీవుల నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న మర్యాద అది. లిండ్‌క్విస్ట్ ఆ రొట్టెను చూసి కుర్చీ అంగుళం వెనక్కి జరుపుకుంది.

"ఇది నేను తీసుకోకూడదండీ. ఫైలు నా దగ్గరున్నప్పుడు అభ్యర్థి ఏదైనా ఇస్తే నేను రాసిపెట్టాలి."

గ్రాసియెట్ చెవులు ఎర్రబడ్డాయి. లంచమిచ్చిన దానిలా నిలబడాల్సి వచ్చింది, అదీ వవో రొట్టెతో. సిగ్గు ఒక్క నిమిషం ఉండి వెళ్ళిపోయింది, దాని చోట కోపం వచ్చి కూర్చుంది. ఆమె రొట్టెను వెనక్కి తీసుకోలేదు.

"రాసిపెట్టండి మేడమ్. మా అమ్మమ్మ పేరు బెల్మీరా. బి తో మొదలవుతుంది."

తర్వాత పెట్టె తెరిచింది. నాలుగు ల్యాబ్ నోట్‌బుక్కులు, ప్రతి వారం రాసిన పరీక్ష కాగితాలు, ఏ రోజు ఏ పాఠం చెప్పారో తేదీలతో ఉన్న పట్టిక. ఒక్కొక్కటే ఆ సర్దిపెట్టిన బల్ల మీద పరిచింది. లిండ్‌క్విస్ట్ అన్నీ తిప్పి చూసింది, ఆ మాట ఒప్పుకోవాలి. చూసి, మీ శ్రమ కనబడుతోందండీ అంది. అయినా శ్రమ వేరు, ప్రమాణం వేరు అంది. మీ కాలేజీలో ల్యాబ్ గంటలు మా కన్నా పన్నెండు తక్కువ అంది. చివరికి, అన్నింటికన్నా మెత్తగా, అసలు దెబ్బ కొట్టింది.

"ఇంకో మాట చెప్పనా? ఏమీ అనుకోకండి. ఆ పాఠం చెప్పిన మనిషి ఉత్తరం మీ ఫైల్లో లేదు. రెండేళ్ళు చెప్పినాయన మీ గురించి రెండు ముక్కలు రాయడానికి వెనకాడితే, మేమేం అనుకోవాలి?"

 రెండు నెలలుగా గ్రాసియెట్ తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది. టెర్జియన్ మీద ఉన్న కోపమంతా మళ్ళీ రేగింది. ఆయన కారు డిక్కీ నిండా పరీక్ష కాగితాలే ఉంటాయి, ఎప్పుడు చూసినా ఏదో ఊరికి ఆలస్యమైపోతున్నట్టే ఉంటాడు, మంగళ గురు శుక్రవారాలు తప్ప సాంతా ఒలాయాలో కనబడడు. అంత తిరిగే మనిషికి ఒక్క ఉత్తరం రాయడానికి అరగంట దొరకలేదా?

లిండ్‌క్విస్ట్ జాలిపడిందో, తొందరగా పంపెయ్యాలనుకుందో గాని, సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకు జరిపింది. మొన్న మార్చిలో మా పిల్లలు రాసిన పరీక్ష ఇది, ఒకసారి చూడండి, తేడా మీకే తెలుస్తుంది అంది.

"మా కోర్సు ఇంకెక్కడా దొరకదండీ. ఇది చెప్పేవాళ్ళు ఇదే పాఠం మరో కాలేజీలో చెప్పబోమని సంతకం పెట్టి మరీ చేరతారు. తప్పితే ఉద్యోగం పోతుంది. అంత జాగ్రత్తగా కాపాడుకుంటాం."

గ్రాసియెట్ చదివింది. మొదటి ప్రశ్న కష్టమైనదే, కాని తెలిసినదే. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఒక చీజ్ ఫ్యాక్టరీలో ఏడో ట్యాంకులోని పచ్చిపాలు కొన్ని గంటల్లోనే పాడైన వెన్న కంపు కొట్టాయి. ట్యాంకు చల్లగానే ఉంది, పాలలో సూక్ష్మక్రిములూ ఎక్కువ లేవు. ఆ కంపు ఏ ఆమ్లానిది? కొవ్వులోంచి అది ఎలా విడిపడింది? పంపు నడిపే జె అనే కార్మికుడు తన తప్పేమీ లేదంటున్నాడు. అతను చెప్పేది నిజమో కాదో ఏ పరీక్షతో తేలుస్తారు?

ఆమె రెండోసారి చదివింది. ఏడో ట్యాంకు వాళ్ళ ఫ్యాక్టరీదే. ఆ కంపును మొదట పసిగట్టిన ముక్కు తనదే. పంపు గొట్టం బిగించకుండా వదిలేస్తే అది గాలి పీల్చి పాలను చిలికేసింది, అందుకే కొవ్వు విరిగింది. ఆ పంపు దగ్గరున్న జె సాక్షాత్తూ తన అన్నయ్యే, ఇప్పటికీ ఇంట్లో ఆ మాటెత్తితే గొట్టం పాతదని వాదిస్తాడు. పోయిన అక్టోబరులో ఒక శుక్రవారం క్లాసులో ఆమె ఈ కథ చెబితే, టెర్జియన్ పడీపడీ నవ్వి, సుద్ద కింద పెట్టి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. డిసెంబరు పరీక్షలో అదే ప్రశ్నగా ఇచ్చాడు. 'పంపు మనిషి అబద్ధమాడుతున్నాడు, వాడు మా అన్నయ్య, నాకు తెలుసు' అని ఆమె రాస్తే రెండు మార్కులు కోసేసి, పక్కన ఎర్ర సిరాతో 'రుజువు ఏది?' అని రాశాడు.

ఆ చేతిరాత ఈ కాగితం మీద లేదు. కాని ఆ నవ్వు ఉంది. కాగితం కింద పేరు లేకపోయినా ఇది ఎవరు రాశారో ఆమెకు తెలిసిపోయింది. సోమ బుధవారాల్లో ఆయన ఎక్కడుంటాడో తెలిసింది. ఉత్తరం ఎందుకు రాయలేదో కూడా తెలిసింది. రాస్తే, ఆ కాలేజీ పేరు కింద ఆయన సంతకం ఇదే బల్ల మీదికి వచ్చేది.

రెండు నెలల కోపం ఒక్క గుక్కలో ఎలా దిగిపోతుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. గ్రాసియెట్‌కు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. వెనకే మరో సంగతి అర్థమైంది. ఒక్క వాక్యం చెబితే చాలు. మేడమ్, మీ పాఠమూ మా పాఠమూ ఒక్కరే చెబుతున్నారు, ఇదిగో డిసెంబరు కాగితం, అదే ప్రశ్న, అదే ట్యాంకు. కాగితం పెట్టెలోనే ఉంది, ఇంకా బయటికి తియ్యని నీలం అట్ట నోట్‌బుక్కులో. ఆ వాక్యంతో తన సీటు దొరుకుతుంది, ఆయన ఉద్యోగం పోతుంది. అరవై ఏళ్ళ మనిషి, ఇంత తిరిగితే గాని ఇల్లు గడవని మనిషి.

"తేడా తెలిసిందా అండీ?" లిండ్‌క్విస్ట్ అడిగింది.

"తెలిసింది మేడమ్." గ్రాసియెట్ నీలం అట్ట నోట్‌బుక్కును పెట్టెలో అడుక్కి తోసింది. "నేను మీ పరీక్ష రాస్తాను. ఇప్పుడే, ఇక్కడే. మీ పిల్లలకి ఎంత టైమిస్తారో అంతే ఇవ్వండి."

అలాంటి ఏర్పాటు లేదండీ అంది లిండ్‌క్విస్ట్. ఉంది మేడమ్, మీ నిబంధనల పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది అంది గ్రాసియెట్. శాఖవాళ్ళు ఒప్పుకుంటే పరీక్ష పెట్టి కోర్సును గుర్తించొచ్చని చిన్న అక్షరాల్లో అచ్చేశారు. సాంతా ఒలాయాలో ఆ పుస్తకం మొత్తం చదివిన మనిషి తనొక్కతే, అందులో అనుమానం లేదు. లిండ్‌క్విస్ట్ ఆ పేజీ తీసి చూసుకుంది. చాలా ఏళ్ళుగా ఎవరూ అడగలేదు అంది.

"అయితే నేను అడుగుతున్నాను. ఇంకో మాట, ఈ కాగితం వద్దు. వేరేది తెప్పించండి."

"ఎందుకు? ఇది కష్టంగా ఉందా?"

"నాలుగో ప్రశ్న నా రోజువారీ పనండీ. చీజ్ ఫ్యాక్టరీలో నేను చేసేది ఆ పరీక్షే. అది రాసి మార్కులు తెచ్చుకుంటే, రేపు మీరే అంటారు ఫ్యాక్టరీ పిల్లకి ఫ్యాక్టరీ ప్రశ్న దొరికిందని. నాకు ఆ మాట పడటం ఇష్టం లేదు. దీనికన్నా కష్టమైంది ఇవ్వండి."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, గమనించండి. ఒక్క పేరు కూడా లేదు. నేనైతే ఆ నిమిషాన ఆ నీలం అట్ట తీసి బల్ల మీద కొట్టేవాణ్ణేమో. గ్రాసియెట్ నా కన్నా గట్టి మనిషి.

లిండ్‌క్విస్ట్ తలెత్తి ఆమెను చూసింది. ఆ చూపులో మొదటిసారి చిరునవ్వు లేదు, అందుకే కాస్త మనిషిలా కనబడింది. ఫోను తీసి కెమిస్ట్రీ శాఖాధిపతి డాక్టర్ బ్లేక్‌మోర్‌తో మాట్లాడింది. అవతలి నుంచి విసుగ్గా ఏదో వినబడింది. చివరికి ఒప్పుకున్నాడు. రెండు కోర్సులకూ కలిపి రెండు గంటలు, కొత్త కాగితం, నూటికి ఎనభై రావాలి. ఒక్క మార్కు తగ్గినా రెండో ప్రయత్నం లేదు. తగ్గితే ఈ సాయంత్రంతో వెదరెల్ సీటు ఆమెది కాదు, ఆ మాట లిండ్‌క్విస్ట్ రాసిచ్చి సంతకం కూడా తీసుకుంది. గ్రాసియెట్ పేరంతా రాసింది, గ్రాసియెట్ మరియా బెల్మీరా టోస్తె అని, సంతకానికిచ్చిన గీత దాటేంత పెద్దగా.

"కాగితం ఇచ్చి ఎవరో ఒకర్ని పంపిస్తారట. మీ పక్కన కూర్చోవాలి కదా" అంది లిండ్‌క్విస్ట్.

ఇలాంటి పనులకు పెద్ద ప్రొఫెసర్లు రారు. గంటలెక్కన జీతమిచ్చి పెట్టుకున్నవాళ్ళనే పంపిస్తారు. ఆ సంగతి గ్రాసియెట్‌కు తెలియదు. తెలిసి ఉంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే గుండె ఆగేది. కుడికాలు కాస్త ఈడుస్తూ, ఊపిరి బరువుగా తీస్తూ, ఎవరో పైకి వస్తున్నారు. తలుపు తెరుచుకుంది.

హ్రాంట్ టెర్జియన్. చంకలో కవరు, మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు, మోచేతి దగ్గర సుద్ద మరక. లోపలికి ఒక అడుగు వేసి, ఆమెను చూసి, ఆగిపోయాడు.

గ్రాసియెట్ తల అడ్డంగా ఊపింది. చాలా కొంచెం, చెవిపోగు కదిలేంత. నేను మీకు తెలియదు, మీరు నాకు తెలియదు, కవరు అక్కడ పెట్టి కూర్చోండి అని ఆ కదలికకు అర్థం. ఆయనకు అర్థమైంది కూడా. కాని లిండ్‌క్విస్ట్ కళ్ళు చురుకైనవి.

"మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా?"

"లేదు మేడమ్" అంది గ్రాసియెట్. ఆ రోజు ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

టెర్జియన్ బల్ల దగ్గరికి వచ్చాడు. పరిచిన నోట్‌బుక్కులు చూశాడు, మార్చి పరీక్ష కాగితం చూశాడు, దాని పక్కన ఎవరూ ముట్టుకోని రొట్టెను చూశాడు. ప్రతి శుక్రవారం ల్యాబ్ అయ్యాక సాంతా ఒలాయా క్లాసులో ఆ రొట్టె ముక్కలు పంచుకు తినేవాళ్ళు, ఆయన వాటా ఎప్పుడూ మాడిన అంచు. ఇప్పుడు కూడా చెయ్యి చాచి ఆ అంచే తుంచుకుని నోట్లో వేసుకున్నాడు. తీరిగ్గా నమిలాడు.

"ఈసారి మీ వవో నిమ్మతొక్క కాస్త ఎక్కువేసింది, గ్రాసియెట్."

 గ్రాసియెట్ కళ్ళు మూసుకుంది.

"సార్, ఎందుకు చెప్పారు?" అంది.

"ఉత్తరం రాయలేకపోయాను. రెండు నెలలు నువ్వు నాతో మాట్లాడలేదు, అది న్యాయమే." ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని లిండ్‌క్విస్ట్ వైపు తిరిగాడు. "ఆ నాలుగో ప్రశ్న ఈ అమ్మాయి నాకిచ్చింది మేడమ్. మీ పిల్లలు ఈమె దగ్గర్నుంచి నేర్చుకున్నారు, మీరేమో ఈమె మీ ప్రమాణానికి తూగదంటున్నారు. అక్కడా నేనే చెబుతాను, ఇక్కడా నేనే చెబుతాను, ఒకే పాఠం. సంతకం పెట్టి తప్పాను, నా తప్పు. ఈమె తప్పు కాదు."

లిండ్‌క్విస్ట్ మొహం పాలిపోయింది. ఇక ఈ పరీక్ష మీరు దగ్గరుండి రాయించడానికి వీల్లేదు, నేను డాక్టర్ బ్లేక్‌మోర్‌కి చెప్పి తీరాలి అంటూ ఫోను మీద చెయ్యి వేసింది. గ్రాసియెట్ చూపు గోడ గడియారం మీద పడింది. మూడు కావడానికి ఐదు నిమిషాలుంది. ఐదింటికి గడువు, పరీక్షకు రెండు గంటలు. ఇప్పుడు మొదలుపెట్టకపోతే ఇంకెప్పుడూ లేదు. ఆమె లేచి, టెర్జియన్ చంకలోని కవరు అందుకుని, అంటించిన చోట చెక్కుచెదరలేదని లిండ్‌క్విస్ట్‌కు చూపించి, చింపింది.

"ఫోన్ చేసుకోండి మేడమ్. నన్ను మీరే చూస్తూ ఉండండి. నా టైము మొదలైంది."

కూర్చుని పెన్ను తీసింది.  ఈ సీటు ఇప్పుడు ఆమె ఒక్కదాని కోసం కాదు. తను ఓడిపోతే ఆయన పోగొట్టుకున్నది ఉత్తపుణ్యానికి పోయినట్టే. కాగితం తిప్పింది. మొదటి ప్రశ్న చూసింది, మళ్ళీ చూసింది. ఇలాంటిది ఆమె ఎప్పుడూ చదవలేదు. టెర్జియన్ ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన మొహంలో, ఆ కాగితం తను రాసింది కాదని స్పష్టంగా కనబడింది. సరిగ్గా అప్పుడే ఫోనులోంచి బ్లేక్‌మోర్ గొంతు తలుపుదాకా వినబడింది.

"టెర్జియన్ని గది దాటనివ్వకండి. ఆ అమ్మాయి చేతిలోంచి కాగితం తీసేసుకోండి."

లిండ్‌క్విస్ట్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే గ్రాసియెట్ వైపు చూసింది. గ్రాసియెట్ ఎడమచేతిని కాగితం మీద గట్టిగా అదిమి, కుడిచేత్తో జవాబుకు మొదటి గీత గీయడం మొదలుపెట్టింది.